సినిమా ఆల్బమ్ ఒకటి మనసుకు పట్టేస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక సినిమా ఆల్బమ్ బాగా నచ్చి, దాన్ని రోజూ వినాలనుకునేవాళ్లకు వచ్చే సందేహాలివి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఆల్బమ్‌ను ఆస్వాదించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, ధ్యాస కావాలి. ఎప్పుడు వినాలో, ఎప్పుడు ఆపాలో తెలిసినవాళ్లకు అదే ఆల్బమ్ ఏళ్ల తరబడి తోడుంటుంది.

పని చేసుకుంటూ వింటే సరిపోదా? ప్రత్యేకంగా కూర్చుని వినాలా?

రెండూ కావాలి, కానీ ముందు కూర్చుని వినండి. పని మధ్యలో విన్నప్పుడు చెవికి చేరేవి గొంతు, తాళం, పల్లవి. మిక్సింగ్‌లో వాటిని ముందుంచుతారు కాబట్టి అవి ఎలాగూ వినిపిస్తాయి. వాటి వెనక జరిగేదంతా ధ్యాస పెట్టినవాళ్లకే దొరుకుతుంది. అయిదారు పాటల ఆల్బమ్ అరగంటలో అయిపోతుంది. ఫోన్ పక్కన పడేసి ఆ అరగంట దానికే ఇవ్వండి. ఆ తర్వాత ఏ పని చేసుకుంటూ విన్నా, అప్పుడు పట్టుకున్న చిన్న చిన్న సంగతులు వాటంతటవే చెవికి తగులుతుంటాయి.

ధ్యాస పెట్టి వినడమంటే ఏం వినాలి? నాకు సంగీతం రాదు.

రానక్కర్లేదు. ఒక పాట తీసుకుని మూడుసార్లు వినండి, ఒక్కోసారి ఒక్కోదాని వెంట వెళ్లండి. మొదటిసారి గొంతు. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఏ మాటను సాగదీసింది, ఏ మాటను మెల్లగా వదిలేసింది, మొదట్లో పాడిన పల్లవికీ ఆఖర్న పాడిన పల్లవికీ ఏం మారింది? రెండోసారి బేస్ గిటార్. గొంతు ఆగిన చోట అది చిన్న మెలిక తిరిగి మళ్లీ తన చోటికి వస్తుంది. అది ఒకసారి చెవిన పడితే పాటకు ఆ ఊపు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. మూడోసారి ఇంటర్లూడ్.

ఇంటర్లూడ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాటేసి చరణానికి వెళ్లిపోయేవాళ్లు చాలామంది. పల్లవికీ మొదటి చరణానికీ మధ్య ఉండే ఆ కాసేపట్లో సంగీత దర్శకుడు మాటలతో సంబంధం లేకుండా తను చెప్పాలనుకున్నది చెబుతాడు. వయొలిన్లు ఒక వరుస ఎత్తుకుంటాయి. ఫ్లూట్ దానికి జవాబిస్తుంది. తాళం ఒక్క క్షణం తప్పుకుంటుంది. చివరి నాలుగైదు స్వరాలు గాయకుణ్ని సరిగ్గా చరణం మొదలయ్యే స్వరం దగ్గర తెచ్చి నిలబెడతాయి. చరణం పల్లవి కన్నా పై స్థాయిలో మొదలయ్యే పాటల్లో మనల్ని అంత ఎత్తుకు తీసుకెళ్లేది ఇంటర్లూడే. తర్వాత రెండో ఇంటర్లూడ్ చూడండి. మొదటిదాన్నే మళ్లీ వాడారా, వేరే వాయిద్యాలతో వేరే దారి పట్టారా? నాకైతే ఒక ఆల్బమ్ మీద ఎంత శ్రద్ధ పెట్టారో రెండో ఇంటర్లూడ్ దగ్గరే తెలుస్తుంది.

సినిమా చూడకముందు వినాలా, చూశాక వినాలా?

వీలైతే చూడకముందు. అప్పుడు పాటకు మీ ఊహలో మీరే ఒక చోటు ఇస్తారు. సినిమా చూశాక ఆ సీను, ఆ ముఖాలు పాటకు అతుక్కుపోతాయి, ఇక విడదీయడం కష్టం. నేపథ్య సంగీతం మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది సన్నివేశం కోసం పుట్టినది కాబట్టి సినిమా చూశాక వింటేనే బాగా అర్థమవుతుంది.

ట్రాక్‌ల వరుసలోనే వినాలా? షఫుల్ పెట్టుకుంటే తప్పా?

తప్పేం కాదు, కానీ కొత్త ఆల్బమ్‌కు షఫుల్ పెట్టకండి. వరుస వెనక ఆలోచన ఉంటుంది. 1948లో వచ్చిన ఎల్పీ రికార్డుకు ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే పట్టేది. 1963లో వచ్చిన క్యాసెట్‌కూ రెండు వైపులుండేవి. అందుకే ఏ వైపు ఏ పాటతో మొదలుపెట్టాలి, దేనితో ముగించాలి అని లెక్కలు వేసేవాళ్లు. 1982లో సీడీ వచ్చాక తిప్పే పని పోయింది, ఇప్పుడు యాప్‌లలో నిడివి గొడవే లేదు. అయినా మంచి ఆల్బమ్‌లో హుషారు పాట తర్వాత మెలొడీ రావడం, మెలొడీ తర్వాత కాసేపు తేలికపడనివ్వడం ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ వరుస మీకు బాగా అలవాటయ్యాక ఒక పాట అయిపోతుండగానే తర్వాతి పాట మొదటి స్వరం మనసులో మోగుతుంది. షఫుల్‌లో ఆ సుఖం ఉండదు.

ఇంకో చిన్న మాట. యాప్ సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్ చేసి ఉంటే తీసేయండి. అది ఒక పాట చివరి సెకన్లను తర్వాతి పాట మొదలుతో కలిపేస్తుంది. పాట ముగిశాక వచ్చే నిశ్శబ్దం కూడా పాటలో భాగమే.

ఆల్బమ్‌లో విన్న పాట సినిమాలో వేరేగా ఉంటుంది. ఎందుకు?

సినిమాలో పాట కథ నిడివికి తలవంచాలి. ఒక చరణం ఎగిరిపోవచ్చు, ఇంటర్లూడ్ సగమే మిగలొచ్చు, మధ్యలో డైలాగులు, అడుగుల చప్పుడు, వాన శబ్దం కలవొచ్చు. పైగా థియేటర్ కోసం చుట్టూ ఉన్న స్పీకర్లకు పంచి మిక్స్ చేస్తారు, ఆల్బమ్ కోసం రెండు చానళ్లకే కుదించి మిక్స్ చేస్తారు. అందుకే థియేటర్లో గుండెను తాకిన డ్రమ్స్ ఇయర్‌ఫోన్స్‌లో పలచగా అనిపించవచ్చు. అదే సమయంలో థియేటర్లో గుర్తుకూడా పట్టని ఒక వీణ బిట్ ఆల్బమ్‌లో స్పష్టంగా పలుకుతుంది. రెంటినీ రెండు వేర్వేరు రూపాలుగా చూస్తే నిరాశ ఉండదు.

బీజీఎం (నేపథ్య సంగీతం) ఆల్బమ్ కూడా వినదగ్గదేనా? అందులో పాటలే లేవు కదా.

తప్పకుండా వినండి. నిజం చెప్పాలంటే, ఒక సంగీత దర్శకుడి పనితనం పూర్తిగా తెలియాలంటే అదే చోటు.

ఒక పాత్రకో, ఒక బంధానికో ఒక చిన్న స్వరమాలిక కేటాయించి, కథ మారినప్పుడల్లా దాన్ని మార్చి మార్చి వాడటం నేపథ్య సంగీతంలో పెద్ద ఉపాయం. 19వ శతాబ్దంలో జర్మన్ స్వరకర్త వాగ్నర్ తన ఒపెరాల్లో దీన్ని విస్తారంగా వాడాడు. సినిమాలో 1933 నాటి ‘కింగ్ కాంగ్’కు మాక్స్ స్టైనర్ చేసిన సంగీతం ఈ పద్ధతికి దారి వేసిన వాటిలో ఒకటి. ఇవాళ మీరు వినే చాలా సినిమాల్లో ఇదే పద్ధతి నడుస్తోంది.

దాన్ని ఎలా పట్టుకోవాలంటే, మొదటి ట్రాక్‌లో మీకు హమ్ చేయాలనిపించిన ఆరేడు స్వరాలు గుర్తుపెట్టుకోండి. ఉదాహరణకు అది ఫ్లూట్ మీద, వేగంగా, వెనక గిటార్‌తో వచ్చిందనుకుందాం. ఆల్బమ్ సగం దాటాక ఒక నెమ్మదైన ట్రాక్‌లో ఒంటరి వయొలిన్ ఏదో వాయిస్తుంది. మొదట పోల్చుకోలేరు. వేగం సగానికి తగ్గింది, తాళం లేదు, చివరి స్వరం దాకా వెళ్లకుండా ఒక మెట్టు ముందే ఆగిపోయింది. పెదవుల మీద హమ్ చేసి చూడండి: అవే ఆరేడు స్వరాలు. ఇద్దరూ విడిపోయిన సీనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఆఖరి ట్రాక్‌లో తీగ వాయిద్యాలన్నీ కలిసి, కింద ట్రంపెట్లు, డ్రమ్స్ తోడై, ఆగిపోయిన ఆ చివరి స్వరాన్ని పూర్తి చేస్తాయి. ఒళ్లు జలదరించేది అక్కడే. దీన్ని ఒక్కసారి సొంతంగా కనిపెడితే ఇక ఏ సినిమా చూసినా చెవులు వాటంతటవే వెతుకుతాయి.

చదువుకునేటప్పుడు, రాసుకునేటప్పుడు పెట్టుకోవచ్చా?

మాటలున్న పాటలు వద్దు. చదివే పనికి, రాసే పనికి వినబడే మాటలు అడ్డొస్తాయని పరిశోధనల్లో పదేపదే తేలింది. ఒకే బుర్ర రెండు వాక్యాలను ఒకేసారి నడపలేదు. పాట ఎంత ఇష్టమైతే అంత ఇబ్బంది కూడా, ఎందుకంటే లోపల మీరు కూడా పాడుతుంటారు. అదే ఆల్బమ్ మీద మనసుంటే బీజీఎం ట్రాక్‌లు గానీ, వాయిద్యాల మీద మాత్రమే ఉన్న వెర్షన్లు గానీ పెట్టుకోండి. చేతులకే పని ఉండి బుర్రకు పెద్దగా పనిలేని చోట, బట్టలు మడతపెట్టడం, అల్మరా సర్దడం లాంటి వాటికి, పాటలను మించిన తోడు లేదు.

నడకకు ఏ పాటలు బాగుంటాయి?

మీ అడుగుకు సరిపోయేవి. నిమిషానికి 100 అడుగుల నడక ఓ మోస్తరు వేగం కింద లెక్క. పాటలో తాళం దెబ్బలను (బీట్లను) 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 100 నుంచి 120 మధ్య వస్తే చురుకైన నడకకు హాయిగా కుదురుతుంది. రోడ్డు మీద మాత్రం ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి.

నిద్రపోయే ముందు వినవచ్చా?

వినవచ్చు, కానీ ఆల్బమ్ మొత్తం వదిలేయకండి. మెలొడీ తర్వాత మాస్ పాట వచ్చి లేపేస్తుంది. రెండు మూడు నెమ్మది ట్రాక్‌లతో చిన్న ప్లేలిస్ట్ చేసుకుని స్లీప్ టైమర్ పెట్టండి. ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకుని పడుకోవడం మంచిది కాదు, తక్కువ శబ్దంతో స్పీకర్ చాలు.

అలారంగా పెట్టుకోవచ్చా?

దయచేసి వద్దు. మీకు ప్రాణమైన పాటను రోజూ నిద్ర చెడగొట్టేదానిగా మార్చకండి. కొన్నాళ్లకు దాని మొదటి స్వరం వినగానే టెన్షన్ మొదలవుతుంది.

రోజూ వింటే మొహం మొత్తదా?

మొత్తుతుంది. ఇష్టమైన వంటకాన్ని మూడు పూటలా తిన్నట్టే ఇదీ. తప్పించుకునే మార్గాలు ఉన్నాయి. ఒకే పాటను రిపీట్‌లో పెట్టే అలవాటు మానుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆల్బమ్ మొత్తం ఒకసారి వింటే నచ్చిన పాట కోసం ఎదురుచూపు ఉంటుంది, ఆ ఎదురుచూపే సగం ఆనందం. రెండోది, మొదట్లో పెద్దగా పట్టించుకోని పాటకు అవకాశమివ్వండి. వెంటనే నచ్చే పాటలు వెంటనే పాతబడతాయని కాదు కానీ, ఆలస్యంగా నచ్చిన పాటలు ఎక్కువ కాలం నిలవడం నేను చాలా చూశాను. మూడోది, విసుగు మొదలవుతోందని అనిపించిన రోజే పక్కన పెట్టేయండి. పూర్తిగా విసిగిపోయాక పెడితే తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. కొన్ని వారాలు దూరంగా ఉంచి మళ్లీ వింటే ఇంటర్లూడ్‌లు కొత్తగా వినిపిస్తాయి.

ఒక పాట పొద్దున్నుంచి నోట్లోనే ఆడుతోంది. ఎలా వదిలించుకోవాలి?

సాధారణంగా తిరిగేది పాట మొత్తం కాదు, ఒక ముక్క మాత్రమే, తరచుగా పల్లవిలో ఒకటి రెండు లైన్లు. పాటను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిగా వినేయండి, చాలామందికి అక్కడితో ఆగిపోతుంది. చ్యూయింగ్ గమ్ నమిలినా తగ్గుతుందని ఇంగ్లండ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ రీడింగ్ పరిశోధకులు 2015లో ప్రకటించారు. లోలోపల పాడుకోవడానికి కూడా మాట్లాడే కండరాలతో సంబంధం ఉంది, దవడకు వేరే పని పడితే ఆ పాట పట్టు సడలుతుందన్నది వాళ్ల వివరణ.

క్వాలిటీ సెట్టింగ్ ఎంత పెట్టుకోవాలి? నిజంగా తేడా తెలుస్తుందా?

128 కేబీపీఎస్ (సెకనుకు అన్ని కిలోబిట్లు) ఎంపీ3కి, 320కి తేడా జాగ్రత్తగా వింటే చాలామందికి తెలుస్తుంది. తాళాల మోత, పెద్ద కోరస్, చప్పట్లు ఉన్న చోట తక్కువ క్వాలిటీలో శబ్దం నీళ్లలో కలిసినట్టు గజిబిజిగా ఉంటుంది. 320కీ లాస్‌లెస్‌కీ (శబ్దంలో ఏ వివరమూ పోకుండా దాచిన ఫైలుకీ) మధ్య తేడా పట్టడం చాలామందికి కష్టం. అయిదు నిమిషాల పాట 128లో సుమారు 5 ఎంబీ, 320లో 12 ఎంబీ. సీడీ స్థాయిలో, అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో, కుదించకుండా ఉంచితే 50 ఎంబీ దాటుతుంది. వైఫైలో ఉన్నప్పుడు ఎక్కువ క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత బయట వినడం తేలికైన దారి.

బ్లూటూత్‌లో వింటుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. మామూలు బ్లూటూత్ లాస్‌లెస్‌ను ఉన్నది ఉన్నట్టు మోయలేదు, దారిలో మళ్లీ కుదిస్తుంది. లాస్‌లెస్ కోసం అదనంగా డబ్బు కడుతున్నవాళ్లు వైరు ఇయర్‌ఫోన్స్ వాడితేనే ఆ డబ్బుకు న్యాయం.

కొన్ని పాటలు గట్టిగా, కొన్ని మెల్లగా వస్తున్నాయి.

యాప్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఉంటుంది. వేర్వేరు సినిమాల పాటలు కలిపి వినేటప్పుడు అది పనికొస్తుంది. ఒకే ఆల్బమ్ వరుసగా వినేటప్పుడు తీసేయండి. లాలిపాట మెల్లగా ఉండాలనే మెల్లగా ఉంచారు.

స్పీకరా, ఇయర్‌ఫోన్సా?

వివరాలు పట్టుకోవడానికి ఇయర్‌ఫోన్స్, హాయిగా ఉండటానికి స్పీకర్లు. స్టీరియోలో వయొలిన్లను ఒక పక్క, కోరస్‌ను ఇంకో పక్క పరుస్తారు. ఇయర్‌ఫోన్స్‌లో ఆ అమరిక స్పష్టంగా తెలుస్తుంది. రెండు స్పీకర్లు పెట్టుకుంటే వాటి మధ్య దూరమెంతో మీకూ ఒక్కోదానికీ మధ్య సుమారు అంతే దూరం ఉండేలా కూర్చోండి, గొంతు సరిగ్గా మధ్యలోంచి వస్తుంది. ఒక్క స్పీకరే ఉన్న చిన్న బ్లూటూత్ డబ్బాలో ఈ అమరికంతా ఒకే చోట కుప్పపడుతుంది. బాగా పాత ఆల్బమ్‌లు మోనోలో, అంటే ఒకే చానల్‌లో రికార్డు చేసినవి కాబట్టి వాటికి ఒక్క స్పీకర్ చాలు. వాటిని తర్వాత స్టీరియోగా మార్చిన వెర్షన్ కన్నా అసలు మోనో దొరికితే అదే వినండి, గొంతు నిండుగా ఉంటుంది.

వాల్యూమ్ ఎంతవరకు క్షేమం?

పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. పిల్లలకు అది 75 డెసిబెల్స్. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగ్గ సమయం సగమైపోతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే. చాలా ఫోన్లలో హెడ్‌ఫోన్ శబ్దం ఎంతుందో చూపించే సెట్టింగ్ ఉంటుంది, ఒకసారి చూసుకోండి. వాల్యూమ్ పెంచేది ఎక్కువగా చుట్టూ రొద ఉన్నప్పుడే కాబట్టి బయటి శబ్దాన్ని అడ్డుకునే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తక్కువ వాల్యూమ్‌లోనే సరిపోతుంది. విన్నాక చెవుల్లో గుయ్‌మని మోగితే ఆ రోజుకు ఆపేయండి. అది తరచుగా జరిగితే డాక్టర్‌కు చూపించుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు, మనకు ఇష్టమైన పాటలు ముసలితనంలో కూడా వినాలి కదా.

నాకు పాడటం రాదు. అయినా పాడుకోవచ్చా?

పాడుకోండి. సాహిత్యం కాగితం మీద రాసుకుని పాడితే ఇంకా మంచిది. రాస్తున్నప్పుడు ఇన్నాళ్లూ తప్పుగా విన్న మాటలు బయటపడతాయి, కవి ఏ మాటను ఎందుకక్కడ పెట్టాడో తెలుస్తుంది.

ఎవరెవరు పనిచేశారో తెలుసుకోవడం అవసరమా?

నా దృష్టిలో అవసరమే. సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు అందరికీ తెలుస్తాయి. మీకు నచ్చిన ఆ ఫ్లూట్ వాయించింది ఎవరు, కోరస్ ఎవరు, రికార్డింగ్, మిక్సింగ్ ఎవరు చేశారు? సీడీ లోపలి కాగితం మీదో, ఆల్బమ్ వీడియో కింద వివరాల్లోనో తరచుగా ఉంటాయి. ఒక పేరు పట్టుకుంటే దాని వెంట వెళ్లి మీరెప్పుడూ వినని మరో మంచి ఆల్బమ్ చేరుకోవచ్చు. అలా దొరికిన ఆల్బమ్‌లు యాప్ సూచించే వాటికన్నా చాలాసార్లు మేలుగా ఉంటాయి.

యాప్‌లోంచి ఆల్బమ్ మాయమైపోయింది. ఏం చేయాలి?

యాప్‌కు ఆ పాటల హక్కులు శాశ్వతంగా ఉండవు. సంస్థల మధ్య ఒప్పందం ముగిస్తే ఆల్బమ్ వెళ్లిపోతుంది, యాప్‌లో మీరు చేసుకున్న డౌన్‌లోడ్ కూడా పనిచేయదు. ముందు వేరే లేబుల్ పేరుతో, వేరే స్పెల్లింగ్‌తో ఉందేమో వెతకండి. ప్రాణప్రదమైన ఆల్బమ్ అయితే సీడీ గానీ, డబ్బు పెట్టి కొనుక్కునే ఫైళ్లు గానీ సొంతం చేసుకోండి. ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల దాచుకోండి.

ఒక పాట బాధాకరమైన రోజులను గుర్తు చేస్తోంది. ఆల్బమ్ వదిలేయాలా?

మొత్తం వదిలేయనక్కర్లేదు. ఆ ఒక్క పాటను తప్పించి మిగతావాటితో ప్లేలిస్ట్ చేసుకోండి. టీనేజీలో, ఇరవైల్లో విన్న సంగీతం మిగతా కాలాల్లో విన్నదానికన్నా గట్టిగా జ్ఞాపకాలకు అల్లుకుంటుంది కాబట్టి ఇలా జరగడం సహజం. చాన్నాళ్ల తర్వాత వినాలనిపిస్తే ముందు వాయిద్యాల వెర్షన్ వినండి. గొంతు, మాటలు లేనప్పుడు ఆ పాటకు దగ్గర కావడం కాస్త తేలిక. ఏడుపొస్తే రానివ్వండి.

నాకు ఇంత ఇష్టమైన ఆల్బమ్‌ను ఇంకొకరికి ఎలా వినిపించాలి?

ఒక్క పాటతో మొదలుపెట్టండి. మీకు ఎక్కువ ఇష్టమైనది కాదు, వాళ్ల అభిరుచికి దగ్గరగా ఉండేది. పాట నడుస్తుండగా ‘ఇప్పుడు వస్తుంది చూడు’ అనకండి, వాళ్ల ముఖంలోకి చూస్తూ కూర్చోకండి. పాట అయ్యాక కూడా వెంటనే ఎలా ఉందని అడగొద్దు. నచ్చితే రెండో పాట వాళ్లే అడుగుతారు. నచ్చకపోతే వదిలేసి, ఆల్బమ్‌ను మీరు మునుపటిలాగే వింటూ ఉండండి.